లోపల వాడుకోవలసినది

పరీక్ష బల్ల మీద పరచిన రబ్బరు గుడ్డ అంతకుముందు పడుకున్న మనిషి వేడిని ఇంకా వదలలేదు. నడుము కింద ఆ పరాయి వెచ్చదనం తగలగానే టైలరమ్మకు ఒళ్ళు ముడుచుకుంది. బల్లకూ గదికీ మధ్య వేలాడుతున్న తెల్ల తెరకు మూడు కొక్కేలు ఊడిపోయి ఒక మూల కిందికి జారింది. జారినచోట నలుగురు వైద్య విద్యార్థుల బూట్లు కనబడుతున్నాయి. చిరిగిన అంచును ఎవరో నల్లదారంతో, వంకరటింకర పెద్ద కుట్లతో కలిపారు. ముప్పై ఏళ్ళుగా దారం మీద బతికిన మనిషి కనుక ఆ స్థితిలో కూడా ఆమె దృష్టి ఆ కుట్ల మీదికే పోయింది. తెల్లదారం దొరకక చేసిన పని కాదది. తెర వెనక పడుకునేది ఎవరైతేనేం అనుకున్న చేయి చేసిన పని.

"కాళ్ళు వదులు చెయ్యమ్మా," అంది డాక్టరమ్మ. "వదులు చెయ్యమంటే బిగిస్తావేం?"

"బిగించడం లేదండీ."

చల్లటి లోహం తగిలి, ఆగి, మళ్ళీ ఒత్తింది. టైలరమ్మ బల్ల అంచును రెండు చేతులతో పట్టుకుంది. డాక్టరమ్మ ఆ పరికరాన్ని పళ్ళెంలో పడేసి దానికంటే చిన్నది అడిగింది. చిన్నదీ పోలేదు. చివరికి ఒక్క వేలితో ప్రయత్నించింది. వేలు రెండో కణుపు దాకా కూడా వెళ్ళకుండానే టైలరమ్మ నోటివెంట ఒక మూలుగు వచ్చింది. దాన్ని ఆపుకోవడానికి ఆమె పెదవి బిగించే లోపలే అది తెర దాటి అవతలికి వెళ్ళిపోయింది.

డాక్టరమ్మ తొడుగు తీసి బుట్టలోకి విసిరింది. "ఎన్నాళ్ళయింది మరక కనబడి?"

"పన్నెండు రోజులండీ. గోధుమరంగుగా. రోజూ కొద్దికొద్దిగా."

"గర్భసంచి క్యాన్సరుకు కరెంటు వైద్యం పూర్తయి ఏడు నెలలు. వైద్యం తరవాత మొదటిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు చెప్పలేదేం?"

"అప్పుడు మరక లేదండీ. తలుపు దగ్గరే 'బాగున్నావా' అని అడిగారు. బాగున్నానన్నాను. సరే వెళ్ళమన్నారు."

డాక్టరమ్మ ఆ మాట వినిపించుకోలేదు. "గొట్టాలిచ్చారు కదా, మూడు సైజులవి. వాడుతున్నావా?"

"వాడుతున్నానండీ. రోజూ."

"రోజూ వాడితే ఇలా మూసుకుపోదు. నా దగ్గర అబద్ధాలు చెప్పకు."

"అబద్ధమెందుకు చెప్తానండీ? లోపలే వాడుతున్నాను. ఒక్కరోజు కూడా కొట్లోకి తీసుకెళ్ళలేదు."

డాక్టరమ్మ చేయి కుళాయి మీద ఆగింది. "కొట్లోకా?"

"మాది ముందు కుట్టుకొట్టు, వెనక ఇల్లండీ. పరదా ఇవతల కొట్టు, అవతల లోపల. సిస్టరు లోపల వాడుకోమంది. అందుకని కొట్లో తియ్యను. సాయంత్రం కొట్టు కట్టేశాక లోపల కూర్చుని, ముందు పిడికిట్లో పట్టుకుని నొక్కుతాను, వేళ్ళ తిమ్మిరి పోవడానికి. ఆ సీసాల మందు ఎక్కించినప్పటినుంచి వేళ్ళు మొద్దుబారిపోయాయి కదండీ." ఏదో తప్పు జరిగిందని ఆమెకు తెలుస్తూనే ఉంది, అందుకే మాట ఆపడానికి భయపడింది. "తరవాత ఎలాగూ చేతిలో ఉంది కదా అని బడిపిల్లల గుండ్రటి కాలర్లు తిరగేస్తాను. చివర నున్నగా ఉంటుంది, గుడ్డ చిరగదు. చిన్నదైతే చేతిపట్టీలకు..."

తెర అవతల ఎవరో ముక్కుతో నవ్వారు. తరవాత ఇంకొకరు దగ్గు నటించారు. ఒక జత బూట్లు గిరుక్కున గోడవైపు తిరిగాయి. డాక్టరమ్మ నవ్వలేదు. నవ్వు రాకుండా కింది పెదవిని పళ్ళ మధ్య పట్టి ఉంచింది. ఆ పట్టి ఉంచడంలోని మర్యాద టైలరమ్మకు బాహాటమైన నవ్వుకంటే రోతగా తోచింది.

"అవి చేతికి కాదమ్మా. కిందకి."

"కిందకంటే?"

"అంటే..." డాక్టరమ్మ తెరవైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "వెజైనాలోకి. కరెంటు పెట్టినచోట లోపలి గోడలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అతుక్కోకుండా ఉండాలనే అవి ఇచ్చేది. ఇప్పుడు చూడు, నాకు దారే లేదు. ఆ మరక ఎక్కడినుంచి వస్తోందో ఎలా చెప్పను? జబ్బు తిరిగి వచ్చిందా, ఒట్టి పుండా? గురువారం మత్తిచ్చి చూడాలి." ఫైలు తెరిచి నిలబడే రాయసాగింది. "చెప్పింది చెయ్యలేదని రాయాల్సి వస్తోంది నాకు. ఇక్కడ చక్కగా ఉంది. వివరంగా చెప్పాం, అర్థమైంది, సంతకం. ఇంకేం కావాలి?"

"సంతకం నేను పెట్టానా అండీ?"

"మరెవరు పెడతారు? దిగమ్మా, బయట ఇరవైమంది ఉన్నారు."

టైలరమ్మ దిగింది. బట్టలు సవరించుకుంటూ తన కుడిచేతి వేళ్ళను చూసుకుంది. వైద్యం ముగిసిన ఆఖరిరోజున ఆ వేళ్ళలో గ్లాసు నిలవలేదు. మంచినీళ్ళు కూడా ఒకరు పట్టిస్తే తాగింది. ఆ వేళ్ళలో కలం ఎవరు నిలబెట్టారో ఎంత ఆలోచించినా ఆమెకు గుర్తు రాలేదు.

వరండాలోకి వచ్చేసరికి నవ్వు ఆమెకంటే ముందే అక్కడికి చేరింది. తలుపు దగ్గర చీటీలు పిలిచే ఆయా ఆమెను పైనుంచి కిందికి చూసి, "నువ్వేనా కాలర్లావిడ?" అంది. బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్ళు తలలెత్తారు. టైలరమ్మ మరుగుదొడ్డి వెతుక్కుంటూ పోయింది. వైద్యం తరవాత ఆమె కడుపు వేళాపాళా ఎరగదు. ఆడవాళ్ళ మరుగుదొడ్డికి గడియ లేదు. గడియ ఉండవలసినచోట ఒక గుడ్డపీలిక కట్టి ఉంది, ఎన్ని చేతులు పట్టుకున్నాయో, జిడ్డు కట్టి నల్లబడింది. దాన్ని పట్టుకుని తలుపు లాగి ఉంచుతూ, రెండో చేత్తో చీర ఎత్తిపట్టుకోవడంతో ముక్కు మూసుకోవడానికి చేయి ఖాళీ లేక, నోటితో ఊపిరి పీల్చుకుంటూ కూర్చుంది. అవతల ఆయా గొంతు ఇంకెవరికో కథ మొదటినుంచి చెబుతున్నది.

మర్నాడు కొట్లో అరవై గౌనుల పని ఉంది. గుండ్రటి కాలర్లన్నీ కుట్టి, తిరగవేయడానికి సిద్ధంగా బల్ల మీద దొంతి పెట్టి ఉన్నాయి. టైలరమ్మ ఒకటి తీసుకుని, పెన్సిలు మొద్దుచివరతో లోపలినుంచి నొక్కి వంపు తేవాలని చూసింది. పెన్సిలు గుడ్డను పొడుచుకుని బయటికి వచ్చింది. ఆ కాలరు పక్కన పడేసి ఇంకొకటి తీసుకుంది.

ఎదుట కూర్చుని కాజాలు కుడుతున్న స్త్రీ దారం కొరుకుతూ ఇదంతా చూస్తున్నది. ఆమె పదిహేనేళ్ళుగా ఆ కొట్లోనే పనిచేస్తున్నది. వీధిలో అందరూ ఆమెను కాజాలావిడ అంటారు. కాజాకు ఎంత చిల్లు కావాలో చూపుతోనే చెప్పగలదు. మనిషి నోటికి ఎంత కావాలో మాత్రం ఆమెకు ఎప్పుడూ కొలత తెలియదు.

"ఏంటే వదినా, కాలర్ల మీద కసి తీర్చుకుంటున్నావు? సాయంత్రాలు లోపల వాడే నీ నున్నటి గొట్టమేదీ?"

టైలరమ్మ పెన్సిలు పక్కన పెట్టి, జరిగినదంతా చెప్పింది. నెమ్మదిగా, ఎవరికో జరిగినట్టుగా చెప్పింది. కాలర్ల దగ్గరికి వచ్చేసరికి కాజాలావిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు అదిరాయి.

"నువ్వూ నవ్వుతున్నావు."

"నవ్వనా మరి? ఏడు నెలలు బడిపిల్లల మెడలన్నీ దాంతోనే తీర్చావు." కళ్ళు తుడుచుకుని, ఉన్నట్టుండి సూదిని గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది. "నిన్ను చూసి కాదే నవ్వు. అంత పెద్ద ఆసుపత్రి, అంత చదువు, అన్ని మిషన్లు. ఒక్క మాట పలకడానికి ఒక్కరికీ నోరు తిరగలేదా? 'లోపల' అంట, 'లోపల'! లోపలంటే ఏమనుకోవాలి మనిషి? నేనైతే బీరువాలో పెట్టి తాళం వేసేదాన్ని."

"డాక్టరమ్మ చెప్పింది. ఇంగ్లీషులో చెప్పింది."

"ఇంగ్లీషులో ఎవరైనా చెప్తారు. తెలుగులో ఆ మాట తిట్టడానికి తప్ప మిగల్చలేదు కదా మగాళ్ళు. బజార్లో రెండు బళ్ళు రాసుకుంటే చాలు, వాడమ్మదీ వీడమ్మదీ గొంతెత్తి పలుకుతారు. మందు ఎక్కడ రాసుకోవాలో చెప్పడానికి మాత్రం ఊళ్ళో అందరికీ సిగ్గే." సూది మళ్ళీ తీసుకుంది. "అయినా ఆ సంతకమేంటి? నువ్వు పెట్టావా?"

"లేదు."

"మరి?"

పరదా తొలగింది. లోపలినుంచి మాస్టారు చొక్కా ఒకటి వేలికి తగిలించుకుని వచ్చారు. టైలరమ్మ భర్త ఆయన. ముప్పై ఎనిమిదేళ్ళు బడిలో తెలుగు చెప్పి, మూడేళ్ళ కిందట పదవీ విరమణ చేశారు. వీధిలో ఎవరి ఉత్తరమైనా, దరఖాస్తు అయినా ఆయన చూడకుండా వెళ్ళదు.

"దీనికి రెండో గుండీ వదులైంది," అన్నారు. తరవాత భార్య చేతిలోని కాలరును చూసి చూపు పక్కకు తిప్పుకున్నారు. "డాక్టరు ఏమన్నదో నిన్న సరిగ్గా చెప్పనేలేదు నువ్వు."

"గురువారం మత్తిచ్చి చూస్తుందట. అక్కడంతా అతుక్కుపోయిందట, మళ్ళీ వచ్చిందో లేదో తెలీదట. మీరు రావాలి, సంతకానికి."

"వస్తాను. సంతకానికేముంది." చొక్కా బల్ల మీద పెట్టి, మరొకసారి కూడా కాలర్లవైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయారు.

కాజాలావిడ పరదావైపు చూస్తూ, గొంతు తగ్గించానని తాను అనుకున్న గొంతుతో, "ముప్పై ఎనిమిదేళ్ళు సంధులన్నీ విడదీసిన మనిషి, ఇంట్లో ఒక్క మాట విడమరిచి చెప్పడు," అంది.

టైలరమ్మ చొక్కా తీసుకుని గుండీ కుట్టింది. కొట్లో ఒక మూల, కత్తిరింపు బల్ల మీద, మాస్టారి పరుపుచుట్ట ఉంది. వైద్యం ముగిసినప్పటినుంచి ఆయన రాత్రులు కొట్లోనే పడుకుంటున్నారు. నీ విశ్రాంతికి భంగం కలగకూడదు అన్నారు. ఎంత అందమైన వాక్యమో అని అప్పట్లో ఆమెకు కళ్ళు చెమర్చాయి కూడా.

బుధవారం మధ్యాహ్నం, గురువారానికి కావలసిన కాగితాలు తీసి పెట్టుకుందామని టైలరమ్మ బీరువా తెరిచి ఆసుపత్రి కవరు కింద పెట్టుకుని కూర్చుంది. రక్తపరీక్షల కాగితాలు, ఫోటోల చీటీలు, ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన నాలుగు పేజీల నకళ్ళ కట్ట. ఆ కట్టను ఆమె ఇంతవరకు తిప్పి చూడలేదు. అంతా ఇంగ్లీషు. మూడో పేజీ అడుగున అచ్చుగీత మీద ఒక సంతకం ఉంది. అది తెలుగులో ఉంది. మొదటి అక్షరం తల బాగా పైకెత్తి, చివరి గీత వెనక్కి తిరిగి వచ్చి పేరు మొత్తానికి కింద పీట వేసినట్టు నిలిచే సంతకం. వేలాది పిల్లల మార్కుల పట్టీల మీద ఆ సంతకం ఉంది. తమ ఇంటి కరెంటు రసీదు మీద కూడా మాస్టారు దాన్ని అంత శ్రద్ధగానూ పెడతారు.

ఆమె మిగతా కాగితాలు కవర్లో పెట్టింది. తరవాత ఆ పేజీ పట్టుకుని పరదా వెనక గదిలోకి వెళ్ళింది.

మాస్టారు వాలుకుర్చీలో దినపత్రిక చదువుతున్నారు. చేతిలో ఎర్రకలం ఉంది. అచ్చుతప్పు కనబడినప్పుడల్లా చుట్టూ సున్నా చుట్టి పక్కన సరైన రూపం రాస్తారు. ఎవరికీ పంపరు. సాయంత్రానికి ఆ పత్రిక కొట్లో గుడ్డముక్కలు చుట్టడానికి పోతుంది.

"ఇది చదివి చెప్పండి."

"రేపటికి మొదటి పేజీ చాలు."

"మూడోది చదవండి. నాకు ఇంగ్లీషు రాదు కదా."

ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. "చికిత్సానంతరము రోగి పాటించవలసిన నియమములు..."

"మామూలుగా చెప్పండి."

"మామూలుగానే చెబుతున్నాను. మార్గము సంకోచింపకుండుటకై ఒసగబడిన ఉపకరణమును వారమునకు మూడు పర్యాయములు..." ఆగారు.

"మూడు పర్యాయములు?"

"ఉపయోగింపవలెను."

"ఎక్కడ?"

పత్రిక ఆయన ఒళ్ళోంచి నేల మీదికి జారింది. ఆయన వంగి తీసుకోలేదు.

"ఎక్కడని రాసుందండీ?"

"రాసి ఉంది. అది వైద్య పరిభాష. దానికి తెలుగులో..."

"మీకు రాని తెలుగా?"

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు. ఆమె పేజీ అడుగున వేలు పెట్టింది.

"ఈ సంతకం మీదే కదా."

"వాళ్ళు పెట్టమన్నారు." మాస్టారి గొంతులో ఇప్పుడు గ్రాంథికం లేదు. "నువ్వు స్ట్రెచరు మీద ఉన్నావు. వాంతులు చేసుకుంటున్నావు. ఆ కౌన్సెలింగు ఆయన నన్ను పక్క గదిలోకి పిలిచాడు. కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. ఆవిడకు మీరే నెమ్మదిగా చెప్పండి, మగవాణ్ణి నేను చెప్తే బాగుండదు అన్నాడు."

"చెప్పారా?"

"ఎలా చెప్పమంటావు? అలాంటి మాటలు నా నోట ఎప్పుడన్నా విన్నావా నువ్వు?"

"నేనడిగాను. ఇంటికొస్తూ ఆటోలోనే అడిగాను, ఇవి దేనికని. ఏమన్నారు?"

"వ్యాయామానికన్నాను." ఆయన వేలెత్తారు, తరగతిలో ఎత్తినట్టు. "అది అబద్ధం కాదు."

"చేతులకా అని అడిగితే తలూపారు."

"ఊపలేదు. ఊరుకున్నాను."

టైలరమ్మ ఆయన ముఖంలోకి చూసింది. ఊపడానికీ ఊరుకోవడానికీ మధ్య ఉన్న తేడాను ఆయన నిజంగానే నమ్ముతున్నారు. ఏడు నెలలుగా ఆ తేడా మీదే ఆయన నిద్రపోతున్నారు. ఆమెకు కోపం వస్తుందనుకుంది. వచ్చింది కోపం కాదు. మూత పెట్టి మరిచిపోయిన గిన్నె తీసినప్పుడు ముఖాన కొట్టే వాసనలాంటి రోత.

"రోజూ సాయంత్రం మీరిక్కడే కూర్చునేవారు. దీపం అటు తిప్పు, కంట్లో పడుతోంది అనేవారు. నేను ఎదురుగా కూర్చుని దాంతో కాలర్లు తిరగేస్తుంటే చూశారు."

"అంతగా గమనించలేదు."

"ఒకరోజు మీ కుర్చీ కిందికి దొర్లింది. తీసిచ్చారు. జేబులోంచి రుమాలు తీసి, రుమాలుతో పట్టుకుని ఇచ్చారు. ఎంత శుభ్రమో ఈయనకి అనుకున్నాను నేను."

మాస్టారు తల దించుకున్నారు. "నేనూ చాలా క్షోభపడ్డాను," అన్నారు.

ఆమె నేల మీది పత్రికను చూసింది. ఎవరిదో మరణవార్తలో ఒక దీర్ఘం తప్పిపోయింది. దాని చుట్టూ ఎర్రటి సున్నా, పక్కన సరిదిద్దిన అక్షరం.

కొట్లోకి వెళ్ళి, కత్తిరింపు బల్ల మీది పరుపుచుట్టను రెండు చేతులతో ఎత్తి నేల మీద పెట్టింది. అది ఉన్నచోట తడిగుడ్డతో రెండుసార్లు తుడిచి, ఆరాక కాలర్ల దొంతిని అక్కడికి జరిపింది. కాజాలావిడ ఏదో అడగబోయి, ఆమె ముఖం చూసి, తన జీవితంలో మొదటిసారి నోరు మూసుకుంది.

గురువారం ఉదయం ఆసుపత్రి గుమాస్తా అంగీకారపత్రం కిటికీలోంచి బయటికి తోసి, "భర్తగారు ఇక్కడ పెట్టండి," అన్నాడు. మాస్టారు జేబులోంచి కలం తీశారు. టైలరమ్మ ఆ కలాన్ని ఆయన వేళ్ళలోంచి తీసుకుంది. కాగితాన్ని గోడకు ఆనించి, మొద్దుబారిన వేళ్ళతో ఒక్కొక్క అక్షరమే పేర్చుకుంటూ తన పేరు రాసింది.

"భర్త సంతకం కావాలమ్మా," అన్నాడు గుమాస్తా.

"ఆయన సంతకం మీ దగ్గర ఇప్పటికే ఒకటుంది. అది చాలు."

"అట్లా కుదరదు..."

"ఒళ్ళు నాది, తెలివి ఉంది, సంతకం పెట్టాను. ఎందుకు కుదరదో రాసివ్వండి."

రాసివ్వడమన్న మాట వినగానే గుమాస్తా కాగితం లోపలికి లాక్కున్నాడు.

మత్తు గది బయట డాక్టరమ్మ ఫైలు తిరగేస్తూ వచ్చింది. టైలరమ్మ చక్రాల బల్ల మీద లేచి కూర్చుంది.

"సోమవారం మీరు రాసింది కొట్టేయండి."

"ఏది?"

"చెప్పింది చెయ్యలేదన్నది. మూడో పేజీ చూడండి. ఆ సంతకం తెలుగులో ఉంది, మగమనిషి పేరు. నాకు చెప్పలేదు మీరు. ఆయనకు చెప్పారు."

డాక్టరమ్మ మూడో పేజీ తీసింది. ఆ పేజీని ఆమె ఇదివరకు రెండుసార్లు తీసింది. చదవడం ఇదే మొదటిసారని ఆమె ముఖం చెప్పింది. "ఫైల్లో కొట్టేయకూడదమ్మా."

"అయితే దాని కింద రాయండి. రోగికి ఎవరూ చెప్పలేదు అని. రాశాక నాకు తెలుగులో చదివి వినిపించండి."

డాక్టరమ్మ రాసింది. చదివింది. అప్పుడు టైలరమ్మ పడుకుంది.

మెలకువ వచ్చేసరికి నాలుక పిడచకట్టుకుని ఉంది. తలుపు సగం తెరిచి ఉంది. అవతల వరండాలో డాక్టరమ్మ గొంతు ఎవరికో నెమ్మదిగా, మర్యాదగా చెబుతున్నది. "చూడండి మాస్టారూ, మీరేం కంగారుపడకండి..."

టైలరమ్మ తల ఎత్తింది. గది ఒకసారి తిరిగి నిలబడింది. "డాక్టరమ్మా!" గొంతు బొంగురుగా వచ్చింది. మళ్ళీ పిలిచింది. "జబ్బు నాదండీ. ఇటొచ్చి చెప్పండి."

డాక్టరమ్మ వచ్చింది. వెనక మాస్టారు కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

"నాకు కనబడినంతవరకు జబ్బు లేదు," అంది డాక్టరమ్మ. ఈసారి టైలరమ్మ ముఖంలోకి చూసే చెప్పింది. "అతుకులు విడదీశాను. ఆ మరక వాటినుంచే. చర్మం పలచబడి చీలుతోంది. చిన్న ముక్క పరీక్షకు పంపాను, పది రోజుల్లో వస్తుంది. అది కూడా బాగానే వస్తుందనుకుంటున్నాను. కానీ ఒకటి. రెండు రోజుల్లో ఆ గొట్టాలు మొదలుపెట్టకపోతే మళ్ళీ మూసుకుపోతుంది. అప్పుడు జబ్బు తిరిగొచ్చినా నాకు కనబడదు."

"ఎలా మొదలుపెట్టాలి?"

"సిస్టరు చెప్తుంది." అని, ఏమనుకుందో, "సిస్టరు నీకే చెప్తుంది," అని దిద్దుకుని వెళ్ళిపోయింది.

సిస్టరు వచ్చింది. ఏడు నెలల కిందట కవరు చేతికిచ్చి 'లోపల వాడుకోండమ్మా, మీవారికి అంతా చెప్పాం' అన్న సిస్టరే. వయసు మళ్ళిన మనిషి. కాలర్ల కథ ఆమె దాకా వచ్చిందని, నవ్వినవాళ్ళలో ఆమె లేదని, రెండూ ఆమె నడకలోనే తెలిశాయి. చేతిలో కొత్త కవరు, ఒక జెల్లీ గొట్టం ఉన్నాయి. తెర లాగుతూ, "అయ్యగారు కాస్త బయట కూర్చుంటారా," అంది.

మాస్టారు అప్పటికే వెనుదిరిగారు.

"ఉండనివ్వండి," అంది టైలరమ్మ. "ఏమండీ, ఆ స్టూలు ఇటు జరుపుకుని కూర్చోండి."

"నేనెందుకు? ఇది మీ ఆడవాళ్ళ..."

"కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. స్టూలు మరీ పొట్టిది. మోకాళ్ళు పైకి లేచాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నారు.

"అప్పుడన్నట్టు ఈసారి కూడా 'లోపల' అనకండి సిస్టరమ్మా," అంది టైలరమ్మ. "నాకు తెలిసే మాట చెప్పండి."

సిస్టరు కవరు తెరిచి అన్నిటికంటే చిన్న గొట్టం తీసింది. ఒక్కక్షణం దాన్ని వేళ్ళమధ్య తిప్పింది. "బిడ్డ బయటికొచ్చే దారి ఉంటుంది కదమ్మా," అంది. ఆ వాక్యం పూర్తయ్యేసరికి ఆమె భుజాలు కిందికి దిగాయి, మోసుకొచ్చిన బరువేదో దించుకున్నట్టు. "ఆ దారిలోకి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడుచుకోవాలి. చివరికి ఈ జెల్లీ బాగా రాసుకోవాలి. ఊపిరి వదులుతూ, మెల్లగా, వెన్నువైపుకి కొంచెం వాలుగా."

"ఎన్ని అంగుళాలు?"

"ఎంతవరకు హాయిగా వెళ్తే అంతవరకే. బలవంతం చెయ్యకూడదు. ఆగినచోట ఆగి, గాలి పీల్చి వదిలి, మళ్ళీ."

"ఎంతసేపు?"

"అయిదు నిమిషాలు మొదలుపెట్టి పది దాకా. వారానికి మూడుసార్లు. తీశాక సబ్బు, గోరువెచ్చటి నీళ్ళతో కడిగి ఆరబెట్టాలి."

"రక్తం కనబడితే?"

"రెండు చుక్కలైతే భయం లేదు. ధారగా వచ్చినా, గుడ్డ తడిసినా వెంటనే ఇక్కడికొచ్చెయ్యాలి. ఎవర్నీ అడగక్కర్లేదు, ఈ తలుపు కొట్టండి."

"పెద్ద సైజుకి ఎప్పుడు మారాలి?"

"ఇది సులువుగా వెళ్తున్నప్పుడు."

"ఎన్నాళ్ళు?"

"ఏళ్ళే అనుకోండమ్మా. రెండు, మూడు. డాక్టరు చాలనేదాకా."

టైలరమ్మ ఆ గొట్టాన్ని తీసుకుంది. పక్కన స్టూలు మీద మాస్టారు తన చెప్పుల ముక్కులను చూస్తున్నారు. ఆయన చెవుల అంచులు ఎర్రబడ్డాయి. నుదుటి మీది చెమట తుడుచుకోవడానికి జేబులో చేయి పెట్టి, రుమాలు అంచు తగలగానే ఉత్త చేయి బయటికి తీశారు.

"ఇంతే," అంది సిస్టరు. "చెప్పడానికి పావుగంట కూడా పట్టలేదు." ఆ మాట ఎవరితో అంటున్నదో ఆమెకే తెలియనట్టుంది. కవరు మూసి, కాగితం ముందుకు జరిపింది. "అర్థమైందా అమ్మా?"

"ఆఁ, అర్థమైంది," అన్నారు మాస్టారు, స్టూలు మీదనుంచి లేస్తూ.

సిస్టరు చేయి కాగితం మీద ఆగింది. తాను మాట్లాడినట్టు మాస్టారికి అప్పుడు తెలిసింది. సగం లేచిన మనిషి సగంలోనే నిలిచి, భార్యవైపు చూశారు.

టైలరమ్మకు అంతా అర్థమైంది. కొలతతో సహా, నిమిషాలతో సహా అర్థమైంది. గొట్టాన్ని దుప్పటి మీద, ముగ్గురికీ కనబడేలా పెట్టింది.

"నాకింకా కాలేదు సిస్టరమ్మా," అంది. "ఆయన కూర్చుంటారు. మళ్ళీ మొదటినుంచి చెప్పండి."